పదహారో మనిషి

మా అపార్ట్‌మెంట్ కోలాటం బ్యాచ్‌లో పదిహేను మందిమి. కోలాటానికి బేసి లెక్క కుదరదు. జత లేని మనిషి గాలిని కొట్టుకుంటూ తిరగాలి. అందుకని పదహారో మనిషి కోసం మేం తిరిగినన్ని గడపలు పెళ్లిళ్ల పేరయ్య కూడా తిరిగి ఉండడు.

దొరికినా నిలవరు. ఒకావిడ రెండో రోజే వేళ్ల కణుపులు వాచి మానేసింది. ఇంకొకావిడకి మూడు వారాలు మా పర్సులూ ఫోన్లూ అప్పగించి, "ముందు కూర్చుని చూడమ్మా, చూస్తే అదే వస్తుంది" అన్నాం. ఆవిడకి వీడియో తీయడం బాగా వచ్చింది. ఇప్పుడు జుంబాకి వెళ్తోంది.

ఈసారి దసరాకి జడ కోలాటం. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ అమ్మాయి చేరింది. "ఈ పిల్ల కూడా పారిపోతే మీ కర్రలన్నీ పొయ్యిలోకే" అని మాస్టారు బాధ్యత నాకప్పగించారు. పదేళ్ల సీనియర్ని కదా! కొత్త అల్లుడికి చేసినట్టు చేశాను. రోజూ టీ, శనివారం పునుగులు. "టెన్షన్ పడకు, నా వెనకాలే వచ్చేయ్" అన్నాను.

జడ కోలాటంలో పైన కొక్కేనికి రంగు తాళ్లు కట్టి తలా ఒకటి పట్టుకుంటాం. సగం మంది ఇటు, సగం మంది అటు. ఎదురొచ్చిన ఒకరికి లోపలగా, తర్వాతి మనిషికి బయటగా తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ దిగుతుంది. విప్పాలంటే వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

పండగ రోజు అల్లడం బ్రహ్మాండంగా అయింది. మా ఆయన వీడియో తీస్తున్నారని అటు తిరిగి ఓ నవ్వు నవ్వాను. అంతే, మాస్టారి ఈల వినపడలేదు. అందరూ వెనక్కి తిరిగితే నేను ముందుకే పోయాను. పదేళ్ల సీనియర్ తప్పు చేయదన్న నమ్మకంతో మరో నలుగురు నాతో వచ్చేశారు. పైన జడ కాస్తా కొప్పయింది. కింద మేం ఐదుగురం, గంప కింద కోళ్లలా.

వెనకాలే రమ్మన్న అమ్మాయి మాత్రం రాలేదు. తన తాడు వదలకుండా నిలబడి, "ఆంటీ, మీరు కదలకండి. ఆకుపచ్చ తాడు పిన్నిగారు ముందు బయటికి రండి" అంటూ ఒక్కొక్కరినే విడిపించింది. పాట అయిపోయి మళ్లీ మొదలైంది.

మర్నాడు గుండె గుబగుబలాడుతూ ప్రాక్టీసుకి వెళ్లాను. వచ్చింది. మా తమాషా చూసి ముచ్చటపడ్డ ఐదో అంతస్తు ఆవిడ కూడా చేరింది. మొత్తం పదిహేడు. మళ్లీ బేసి.

మాస్టారు నావైపు చూశారు.

"ఈ వారం కాస్త కూర్చుని చూడమ్మా" అన్నారు. ఒళ్లో పదహారు పర్సులు పడ్డాయి.