ఎర్ర చీటీల ఏలికకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ వేసవి క్లియరెన్స్ సేల్ గారి దివ్య సముఖానికి,

చిన్న ఊరిలో ఉన్న ఒకే ఒక్క డిపార్ట్‌మెంట్ స్టోర్‌కు ఏటా తప్పకుండా విచ్చేసే తమరికి, తమరి రాక కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే కొనుగోలుదారుల తరఫున నమస్కరించి రాసుకునేది ఏమనగా: ఇక్కడ అందరం క్షేమం. అద్దాల మీద అతికించిన తమరి ఎర్ర అక్షరాలూ క్షేమం. ‘ఇక రెండు రోజులే’ అన్న అట్టముక్క మూడో వారంలో కూడా ఆరోగ్యంగా వేలాడుతోంది.

ముందు కాలం సంగతి తేల్చుకుందాం. బయట రోళ్లు పగిలే ఎండ. తమరి పంచాంగంలో మాత్రం వేసవి వెళ్లిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వస్తే షోకేసు బొమ్మ ఉన్ని కోటు తొడుక్కుని, మెడకు మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉంది. దాని పాదాల దగ్గర ఫ్యాను తిరుగుతోంది. బొమ్మకు చెమట పట్టదు కానీ, దానికి ఆ కోటు తొడిగిన అమ్మాయికి పట్టింది. ఎండకు టోపీ కావాలని అడిగితే ఆమె జాలిగా చూసి, వేసవి సరుకంతా ఆ మూల బుట్టలో ఉందని చూపించింది. నిజమే, వేసవి మొత్తం ఆ బుట్టలోనే ఉంది. గీతలు పడ్డ పిల్లల నల్ల కళ్లజోళ్లు, మూత లేని నీళ్ల సీసా, గాలి ఊదే చోట చిరిగిన ఈత ట్యూబు, దారంతో జత కట్టిన చెప్పులు. ఆ జతలో రెండూ వేర్వేరు సైజులు. దారం మాత్రం చాలా గట్టిది.

తిట్టే ముందు తమరి పక్షాన చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పాలి. దుకాణాలు బట్టలకు నెలల ముందే ఆర్డరు పెడతాయి. ఎండలు ఎంత ముదురుతాయో, ఏ రంగు మీద జనానికి మనసు పడుతుందో ఆ రోజున ఎవరికీ తెలియదు. సరుకు అమ్ముడుపోకపోతే పెట్టిన డబ్బు అరల్లోనే ఇరుక్కుంటుంది, తర్వాతి కాలపు సరుకు గోడౌను గుమ్మంలో నిలబడి తలుపు కొడుతుంది. పెద్ద నగరంలో ఒక శాఖలో పోనిదాన్ని ఇంకో శాఖకు పంపుతారు. చిన్న ఊరి దుకాణానికి ఇంకో శాఖ ఎక్కడిది? కొనేవాళ్లూ వాళ్లే, చూసేవాళ్లూ వాళ్లే, వద్దని వెళ్లిపోయినవాళ్లూ వాళ్లే. పైగా బట్టలు చాలాసార్లు సైజులు కలిపిన కట్టలుగా వస్తాయి. ఆ ఊరి జనం ఒళ్లు చూసి ఎవరూ కట్టలు కట్టరు. అందుకే చివరికి తమరి దర్బారులో మిగిలేవి రెండే సైజులు. ఒకటి బడిపిల్లవాడికి కూడా బిగుతు. రెండోది తొడుక్కుంటే పక్కింటాయన్ని కూడా లోపలికి పిలవవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న మానవజాతి అంతా సీజను మొదట్లోనే పూర్తి ధరకు కొనుక్కుని వెళ్లిపోయింది.

ఆ పూర్తి ధర గురించే అసలు గొడవ.

ఒక చొక్కా చీటీని దగ్గర పెట్టుకుని చూశాను. అడుగున తెల్ల చీటీ, దాని మీద పసుపు స్టిక్కరు, దాని మీద నారింజ రంగుది, అన్నిటికీ పైన ఎర్రది. ఎర్రదాన్ని అతికించినవారికి ఓపిక చాలలేదు కాబోలు, కొంచెం వంకరగా పడింది. అంచు పట్టుకుని గోటితో మెల్లగా లేపితే కింద నారింజ చీటీ మీద కూడా అదే అంకె ఉంది. ఇంకో పొర లేపితే పసుపు మీద అంతకంటే తక్కువ అంకె కనిపించింది. అంటే ఈ చొక్కా తగ్గుతూ తగ్గుతూ మధ్యలో ఒకసారి పెరిగి, ఆ పెరిగిన చోటు నుంచి ఇంకా తగ్గినట్టు నటిస్తోంది. అట్టడుగున, తెల్ల చీటీ మీద, అడ్డంగా గీత కొట్టిన అసలు ధర. అది ఎంత పెద్ద అక్షరాల్లో ఉందంటే, కౌంటరు వెనక ఉన్నవారు దాన్ని కొట్టేయడానికే రాశారని పసివాడికైనా తెలుస్తుంది. తమరు అమ్మేది చొక్కా కాదు, ఆ గీత. చొక్కా దానితో పాటు ఉచితం.

నగరాల్లో ఈ గీత కింద ఉన్న ధరను ఎవరూ ప్రశ్నించరు. ఎప్పుడో, ఎవరో, ఆ ధరకు కొనే ఉంటారులే అనుకుని ముందుకు సాగుతారు. చిన్న ఊరిలో ఆ సౌకర్యం లేదు మహాప్రభో. ఇక్కడ కొట్టేసిన ధరకు సాక్షి ఉంటారు. ఆ చొక్కాను సీజను మొదటి వారంలో పూర్తి డబ్బిచ్చి కొన్నది బడిలో లెక్కలు చెప్పే మాస్టారని ఊరందరికీ తెలుసు. తమరి ఎర్ర అక్షరాలు వెలిసినప్పటి నుంచి ఆయన రోడ్డుకు అవతలి వైపు నుంచే నడుస్తున్నారు. ఎదురుపడినవాళ్లు ఆయన్ని పలకరించే ముందు ఒక్క క్షణం చొక్కా వైపు చూస్తున్నారు. సంతాపం తెలిపేవాళ్లు కూడా అంత సేపు చూడరు.

తమరి మాట మీద నమ్మకం చాలక ఐరోపా సమాఖ్య ఏకంగా నిబంధనే పెట్టింది. 2022 మే 28 నుంచి అక్కడ ఎవరైనా ధర తగ్గించామని చాటితే, సాధారణంగా అంతకు ముందు 30 రోజుల్లో ఆ వస్తువును అమ్మిన అతి తక్కువ ధర ఏదో అదే పాత ధరగా చూపించాలి. నిన్న పెంచి నేడు తగ్గించే మన చొక్కా ఆ నిబంధన ముందు నోరు విప్పలేదు. ఫ్రాన్సులోనైతే తమరి రాకపోకల తేదీలు కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది: ఏడాదికి రెండు విడతలు, 2020 నుంచి విడతకు నాలుగు వారాలు. కనీసం నెల రోజుల ముందు నుంచి దుకాణంలో ఉన్న సరుకునే ఆ పేరుతో తగ్గించి అమ్మాలి. సేల్ కోసమే లారీ దింపుకోవడం కుదరదు. అక్కడ తమరు హాజరుపట్టీలో సంతకం పెట్టే ఉద్యోగి. బోర్డు మీద ఒక తేదీ, మనసులో ఒక తేదీ పెట్టుకుని ఏలే భాగ్యం తమకు ఇలాంటి ఊళ్లలోనే దక్కుతుంది.

తమరి గణితం కూడా విలక్షణమైనది. 50 శాతం తగ్గింపు, దాని మీద అదనంగా ఇంకో 20 శాతం అని బ్యానరు కట్టారు. చదివినవాళ్లు మనసులో 70 అనుకుని లోపలికి వస్తారు. తమరేమో సగం తీసేసి, మిగిలిన సగంలో అయిదో వంతు తీసి, 60 దగ్గర ఆగుతారు. ఆ పది శాతం ఎక్కడికి పోయిందని అడిగే అర్హత ఊళ్లో ఒక్క మనిషికే ఉంది. ఆ లెక్కల మాస్టారేమో అవతలి పక్క నుంచి నడుస్తున్నారాయె.

ఇక ధర చివర తొమ్మిది. దాన్ని చూసి నవ్వుకునేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, నవ్వుకుంటూనే కొంటారని తమరికి తెలుసు. ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. బట్టల కేటలాగులో ఒకే గౌనుకు కొందరికి 34 డాలర్లు, కొందరికి 39, కొందరికి 44 అని ధర ముద్రించి పంపారు. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది 39 డాలర్లదే. 34కు అడిగిన గౌను దాని ముందు వెనకబడింది. అయిదు డాలర్లు తక్కువకు ఇస్తామంటే వద్దని, తొమ్మిది కనబడితే ఎక్కువ ఇచ్చి తీసుకునే జాతి మాది. ఇలాంటి ప్రజలు దొరికిన ఏలిక నిజాయితీగా ఉండాలని కోరడం కూడా కొంచెం అత్యాశే.

తమరి వంశంలో నిజాయితీపరులు లేకపోలేదు. 1909లో బోస్టన్ నగరంలో ఎడ్వర్డ్ ఫైలీన్ తన దుకాణం నేలమాళిగలో ఒక పద్ధతి పెట్టాడు. సరుకు 12 అమ్మకపు రోజుల్లో పోకపోతే ధర పావు వంతు తగ్గుతుంది. 18 రోజులకు సగం, 24 రోజులకు ముప్పావు. 30 రోజులు దాటినా మిగిలితే దానధర్మాలకు. తేదీ చూసుకుంటే చాలు, గోటితో గీకే పని లేదు. అంత ధర్మబద్ధమైన ఏర్పాటును జనం ఏం చేశారు? నచ్చినదాన్ని ఇంకో కుప్ప అడుగున దాచిపెట్టి, ధర మరో మెట్టు దిగాక వచ్చి తీసుకునేవారు. ఈ విద్య మన ఊరికీ అబ్బింది కానీ ఇక్కడ అంతగా పనిచేయదు. పిల్లల గౌన్ల వెనక దాచిన నీలం ప్యాంటును ఎవరు దాచారో, ఏ రోజు వస్తారో సేల్స్ అమ్మాయికి తెలుసు. ఆ రోజు ఉదయమే ఆమె దాన్ని తన పిన్ని కోసం పక్కన పెట్టేస్తుంది.

తమరిని గద్దె దించడానికి ఒకాయన నిజంగానే ప్రయత్నించాడు. కథ మొదలైంది కూడా మన ఊరిలాంటి ఊళ్లోనే. 1902లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, కెమరర్ అనే చిన్న గనుల ఊరిలో, జేమ్స్ క్యాష్ పెన్నీ ఒక దుకాణం తెరిచాడు. నగదు బేరమే, అరువు లేదు. అది పెరిగి పెరిగి జేసీపెన్నీ అనే మహా సంస్థ అయింది. నూటపదేళ్లకు, ఆపిల్ దుకాణాలను తీర్చిదిద్దిన రాన్ జాన్సన్ దాని పగ్గాలు పట్టుకుని, ఇక కూపన్లు లేవు, నిత్యం సేల్ అనే ఆర్భాటం లేదు, రోజూ ఒకటే సరసమైన ధర అన్న పద్ధతిని 2012 ఫిబ్రవరిలో అమల్లో పెట్టాడు. అబద్ధపు ధర పెట్టి కొట్టేయడం మానేశాడు, అంతే. ఆ ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన ఇంటికి వెళ్లాడు, కూపన్లు తిరిగి వచ్చాయి.

తప్పు ఆయనదేనని నా అభిప్రాయం. నిజం చెబితే జనం మెచ్చుకుంటారని అనుకున్నాడు. మెచ్చుకోవడానికి దుకాణానికి ఎవరు వెళతారు? గీత కొట్టిన అంకె కనిపించకపోతే సంచి మోసుకుని ఇంటికి వెళ్లి ఏం చెప్పుకోవాలి? ఎంత పెట్టి కొన్నామన్నది ఏ ఇంట్లోనూ ఎక్కువ సేపు నడిచే కబురు కాదు. ఎంత మిగిలిందన్నదైతే వారం రోజులు నడుస్తుంది. మిగిలిన ఆ డబ్బు ఎక్కడుందని పిల్లలెవరైనా అడిగితే, పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో రావద్దని గదమాయిస్తారు.

ఇప్పుడు చిలకపచ్చ చొక్కా విషయానికి వస్తాను. ఈ లేఖ రాయడానికి అదే కారణం.

చిలకపచ్చ రంగు, దాని మీద నారింజ గీతలు, జేబు మీద ఒక పడవ బొమ్మ. ఏ కంపెనీ ఎవరి కోసం కుట్టిందో తెలియదు. సీజనంతా దాన్ని ఎవరూ తాకలేదు. తమరు దాని మీద ఎర్ర చీటీ అంటించిన మూడో రోజుకు అర మొత్తం ఖాళీ. నగరంలో అలాంటి చొక్కాలు జనసముద్రంలో కలిసిపోతాయి. ఇక్కడ ఎక్కడికి పోతాయి? పోస్టాఫీసులో స్టాంపులు ఇచ్చే ఆయన చిలకపచ్చ. ఆ స్టాంపులు కొంటున్న ఆయన చిలకపచ్చ. బస్సు డ్రైవరుకు యూనిఫారం ఉందనుకుంటే, సెలవు రోజున ఆయన కూడా అదే. పెళ్లికి వెళితే పెళ్లికొడుకు తరఫున ఇద్దరు, పెళ్లికూతురు తరఫున ముగ్గురు పడవ బొమ్మలతో ఎదురుపడి, ఒకరి జేబు ఒకరు చూసుకుని, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఫొటోగ్రాఫరు వాళ్లను ఒక వరుసలో నిలబెట్టి, పాపం, బ్యాండు మేళం వాళ్లనుకున్నాడు. ఎంతకు కొన్నారని ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరికీ తెలుసు కనుక అడగలేదు.

కాబట్టి తమరిని మానేయమని కోరడం లేదు. గీత ఇంకా లావుగా కొట్టండి, అసలు ధర ఇంకా ఎత్తున రాయండి, మాకు అభ్యంతరం లేదు. చెప్పుల జతకు కట్టే ఆ దారంతోనే చొక్కాల బొత్తాలు కూడా కుట్టిస్తే మరీ సంతోషం. ఉన్ని కోటు బొమ్మకు ఒక గ్లాసు నీళ్లు ఇప్పించండి, దానికి అక్కర్లేకపోతే ఆ అమ్మాయి తాగుతుంది.

ఒక్కటే గట్టిగా చెబుతున్నాను. గోడౌనులో ఆ చిలకపచ్చ చొక్కాల కట్టలు ఇంకా రెండు ఉన్నాయని సేల్స్ అమ్మాయి పిన్ని ద్వారా ఊరంతా తెలిసిపోయింది. వచ్చే సీజను మొదట్లో వాటిని ఇస్త్రీ చేయించి, ‘కొత్తగా వచ్చినవి’ అన్న బోర్డు కింద పూర్తి ధరకు వేలాడదీయాలనే ఆలోచన ఏదైనా ఉంటే విరమించుకోండి. లెక్కల మాస్టారు మొదటి వారంలోనే వస్తారు.

ఇట్లు,
మధ్య సైజు మనిషి

తా.క. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ‘సేల్‌లో కొన్న సరుకు వాపసు తీసుకోబడదు’ అని రాశారు. ఆ పడవ బొమ్మ మొదటి ఉతుకులోనే జేబు వదిలి వెళ్లిపోయింది. వాపసు అడగడం లేదు. మిగతావాళ్ల పడవలు ఎప్పుడు బయలుదేరతాయో తెలిస్తే, ఆ మర్నాటి నుంచి తొడుక్కుందామని.