మా అమ్మ ఓటు ఎటో మీకెలా తెలుసు?

డిసెంబరులో మన సంఘం సేవా కార్యక్రమాలకి తిరుపతి వచ్చినవాళ్లకి ఆ చివరి రోజు గుర్తుండే ఉంటుంది. కంటి శిబిరం అయిపోయాక కల్యాణ మండపంలో, భోజనాలకి ముందు చిన్న క్రిస్మస్ కార్యక్రమం పెట్టుకున్నాం. చిత్తూరు నుంచి మా అమ్మని కూడా పిలుచుకొచ్చాను. కేకు కోశాక ప్రార్థనకి లేచిన పాస్టరుగారు రోగుల కోసం, పిల్లల చదువుల కోసం అడిగి, అదే ఊపులో ఒక నాయకుడి పేరెత్తి ఆయన్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టమని దేవుణ్ణి వేడుకున్నారు. వెనక నుంచి పది గొంతులు గట్టిగా ఆమెన్ అన్నాయి. అమ్మ అనలేదు. కళ్లు తెరిచి నా వైపు చూసింది.

అక్కడితో అయిపోయుంటే ఇది రాసేవాణ్ణి కాదు. భోజనాల దగ్గర మన సభ్యుడే ఒకాయన, నాకు పదేళ్లుగా తెలిసిన మనిషి, అమ్మకి పప్పు వడ్డిస్తూ "మీరు చర్చికి పోయేవాళ్లు కదమ్మా, మీ ఓటు ఎటో అడగాల్సిన పనే లేదులే" అన్నాడు. చనువుగానే అన్నాడు. పెరుగన్నం రాకముందే అమ్మ ఆకు మడిచేసింది.

1983లో ఎన్టీఆర్ కిలో బియ్యం 2 రూపాయలకి ఇచ్చినప్పుడు అమ్మకి పెళ్లయి రెండేళ్లు. పుట్టింట్లో రోజూ సంగటే, వరి అన్నం పండక్కి మాత్రమే. అప్పట్నుంచి ఆమెది సైకిలే. మా మేనమామ పాస్టరు. ఆయనది ముందు చెయ్యి, తర్వాత ఫ్యాను, ఎందుకంటే వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంటుతోనే ఆయన కూతురు ఇంజనీరింగ్ పూర్తిచేసింది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆదివారం ఒకే బల్ల దగ్గర మోకరిస్తారు. ఇద్దరికీ ఓటు కంచంలోంచో, పిల్లల చదువులోంచో వచ్చింది, బైబిల్లోంచి కాదు.

మా ఊరి చర్చి మచ్చలేనిదని చెప్పను. ఎలక్షన్ వస్తే ఒక పార్టీ మైకు సెట్టు ఇచ్చేది, ఇంకోటి ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చేది. కుర్చీల వెనక తెల్ల పెయింటుతో దాత పేరు, కింద పార్టీ గుర్తు. ప్రభుత్వం మారాక ఎవరో ఆ గుర్తుల్ని బ్లేడుతో గీకేశారు. ఆ గరుకులకి తగులుకుని చీరల దారాలు లేచిపోతుంటే అమ్మ పాత టవలు వేసుకుని కూర్చునేది. కానీ అంత జరిగినా ప్రసంగం చెప్పే చోట నాయకుడి పేరు నేనెప్పుడూ వినలేదు.

ఆ పాస్టరుగారి బాధా నాకు అర్థమవుతుంది. పల్లెలో ముప్పై కుటుంబాల చర్చిని నడిపే మనిషికి, పైన మనవాడొకడున్నాడన్న ధైర్యం చిన్నది కాదు. పాస్టర్లకి నెలకి 5000 రూపాయల గౌరవ వేతనం జగన్ ప్రభుత్వంలో మొదలైంది, నిజమే. కూటమి ప్రభుత్వమూ ఇచ్చింది. అంతకుముందు క్రిస్మస్ కానుక సంచులు పంచింది చంద్రబాబు. ఓట్లూ ఒకవైపే ఉండిపోలేదు: చిత్తూరు ఎంపీ సీటు 2014లో సైకిల్‌ది, 2019లో ఫ్యాన్‌ది, 2024లో మళ్లీ సైకిల్‌ది.

ఇలా ఒక గాటన కట్టించుకుని మన క్రైస్తవులకి ఒరిగిందేంటి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో చేర్చారు. మనం ఇంకా బయటే. రాష్ట్రంలో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్, అంతే. దళిత క్రైస్తవులకీ ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఎటూ మనకే వేస్తారు అనుకునేవాళ్లకి దాని వెంటపడే తొందర ఉండదు, ఎటూ మనకి వెయ్యరు అనుకునేవాళ్లకి ఆ అవసరమే ఉండదు.

కమిటీవాళ్లని చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే డిసెంబరులో స్టేజీ మీద ప్రార్థన చేసేవారికి ముందే చెప్పండి. అధికారుల కోసం ప్రార్థించమని పౌలే అన్నాడు, తప్పకుండా చెయ్యండి. పేరు మాత్రం వద్దు.

ఆ రాత్రి చిత్తూరు బస్సులో అమ్మ ఒకే మాట అంది: "నన్నడక్కుండా నా ఓటు ఆయప్ప ఎట్లా ఇచ్చేసినాడురా?"

పప్పు వడ్డించిన అన్నా, అమ్మ ఈసారి కూడా వస్తుంది. పక్కన కూర్చుని ఓటు సంగతి ఆమెనే అడుగు, 1983 నుంచి మొదలుపెట్టి అంతా చెప్తుంది. పెరుగన్నం అయ్యేదాకా లేవనివ్వకు.