జాలీ ఎత్తకుండా ఈగల్ని తరమడం ఎలా?

మన ఇళ్లలో బాత్రూం ఈగల మీద జరిగే యుద్ధానికి నియమం ఒక్కటే. ఏమైనా చేయొచ్చు, నీళ్లు పోయే గొట్టం మీది జాలీ మాత్రం ఎత్తకూడదు. ఎవరూ రాసిపెట్టకపోయినా, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ల నుంచి గాజువాక డాబా ఇళ్ల దాకా అందరూ దీన్ని నిష్ఠగా పాటిస్తున్నారు. మందు పోస్తాం, మసిలే నీళ్లు పోస్తాం, మరీ విసుగొస్తే ఇల్లు మారతాం. జాలీ కింద ఏముందో మాత్రం చూడం. సంస్కారం అంటూ ఒకటుంటుంది కదా.

శత్రువు బలం కూడా చెప్పుకోవాలి. పొడవు రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లు. బూడిద రంగు, ఒళ్లంతా నూగు. సరిగ్గా ఎగరడం కూడా రాదు, టైలు మీంచి లేచి జానెడు దూరంలో మళ్లీ కూలబడుతుంది. వేలితో నొక్కితే మసి మరక మిగులుతుంది. దీని చుట్టం ఇసుక ఈగ కాలా అజార్ జ్వరాన్ని మోసుకొస్తుంది గానీ, ఇది కనీసం కుట్టదు. ఇంతటి వీరుడి చేతిలో మనం ఏళ్ల తరబడి ఓడిపోతున్నాం.

మొదటి అస్త్రం స్ప్రే. ఇది బాగా పనిచేస్తుంది. ఎందుకంటే రెక్కలొచ్చిన ఈగ బతికేదే సుమారు రెండు వారాలు. మూడో వారం దాకా కొడుతూ ఉంటే చావక ఏం చేస్తుంది? ఈలోగా గొట్టం లోపలి జిగురులో గుడ్లు పెట్టేసి ఉంటుంది. అవి రెండు రోజుల్లో పొదిగి పురుగులై, ఇంకో రెండు మూడు వారాల్లో కొత్త బ్యాచ్ గోడెక్కుతుంది. మనం కొత్త డబ్బా కొంటాం. ఇరుపక్షాలకూ పని దొరుకుతోంది, ఎవరికీ నష్టం లేదు.

రెండోది జాలీలోనూ సింకులోనూ మసిలే నీళ్లు పోయడం. ఇది పెద్దల మాట కాబట్టి ఎదురు చెప్పకూడదు. ఆ నీళ్లు జిగురు పొర మీంచి జారిపోతాయి, ట్రాప్ (మురుగు వాసన, పురుగులు పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు) దగ్గరికి చేరేసరికి అక్కడ నిలవున్న నీళ్లతో కలిసి గోరువెచ్చనవుతాయి. పురుగులకు స్నానం, పీవీసీ గొట్టానికి వాత. ఆ వెంటనే అదే సింకులో అంట్ల గిన్నెల జిడ్డూ మెతుకులూ వదిలేస్తాం. స్నానం చేయించాక భోజనం పెట్టకపోతే ఎలా?

ఇక కలరా ఉండలు. వాష్‌బేసిన్‌లో మూడు, జాలీ మీద రెండు వేయాలి. వీటివల్ల బాత్రూంలో పాత బీరువా వాసన వస్తుంది. ఈగలు ఆ ఉండల మీదే కూర్చుని సేద తీరడం నేను కళ్లారా చూశాను.

యూట్యూబ్ తరం వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తుంది. బుస్సుమని నురగ వస్తుంది, ఆ నురగ చూస్తే ఎంత తృప్తో! ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం కాబట్టి రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని ఉప్పునీళ్లలాంటిదేదో మిగులుతుంది. మరీ ఆవేశపరులు యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకేసారి పోస్తారు. ఇక్కడ ఒక్క నిమిషం వ్యంగ్యం పక్కన పెడుతున్నాను. అలా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన బాత్రూంలో అది మనిషి ప్రాణం తీయగలదు. పురుగుల సంగతంటారా, తోక దగ్గరున్న ఊపిరి గొట్టాన్ని జిగురులోంచి బయటికి పెట్టుకుని, లోపల అవి హాయిగానే ఉంటాయి.

ఏదీ పారకపోతే పై ఫ్లాట్ వాళ్లున్నారు. "పైనుంచే వస్తున్నాయండీ" అని గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తే సగం టెన్షన్ తీరిపోతుంది. నిజంగా ఎక్కణ్నుంచి వస్తున్నాయో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. రాత్రి పడుకునే ముందు జాలీ మీద అక్కడక్కడా సందులు వదిలి ప్లాస్టర్ అంటించాలి, జిగురు వైపు కిందికి ఉండాలి. తెల్లారి చూస్తే మన ఇంట్లో పుట్టిన ఈగలు దానికి అతుక్కుని ఉంటాయి. ఖర్చు లేదు, పది నిమిషాల పని కూడా కాదు. అయినా మన దగ్గర ఎవరూ చేయరు. చేస్తే ఫలితం వస్తుందని భయం.

సరే, ఆ జాలీ కింద ఉన్నదేమిటి? మన జుట్టు, మన సబ్బు, మన కొబ్బరి నూనె, పండక్కి రుద్దుకున్న నలుగుపిండి. ఇవన్నీ కలిసి పట్టిన నల్లటి పాచి. పురుగుల తిండి అదే. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో రాళ్ల మీద పట్టే పాచిని కూడా ఇదే జాతి పురుగులు తింటాయి. అంటే జీతం లేకుండా మన ఇంట్లో పారిశుద్ధ్య శాఖ నడుపుతున్నాయన్నమాట.

అసలు చిక్కు పాచి కాదు, దాన్ని ముట్టుకునే చెయ్యి ఎవరిదన్నది. ఇంటాయనకు నడుం నొప్పి, అబ్బాయికి ఆన్‌లైన్ మీటింగ్, అమ్మాయికి వాంతులొస్తాయి. పనిమనిషిని అడిగితే, "బాత్రూం మాట్లాడుకోలేదు కదమ్మా" అంటుంది. ఆమె తప్పేమీ లేదు. మనుషుల్ని రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా మ్యాన్‌హోళ్లలో చనిపోయినవాళ్ల వార్తలు కాఫీ తాగుతూ చదివి పేజీ తిప్పేస్తున్నాం. అలాంటి మనకు, మన జుట్టే ఉన్న జానెడు గుంతలో మనమే చెయ్యి పెట్టడమంటే ఎంత అవమానం!

మార్గం లేదా అంటే, ఉంది. చెప్పడం వరకే నా వంతు, ఎవరినీ చేయమనడం లేదు. గ్లవ్స్ వేసుకుని జాలీ ఎత్తాలి. దాని కిందే నీళ్లు నిలిచే గిన్నెను ప్లంబర్లు నానీ ట్రాప్ అంటారే, అందులోని కప్పు తీసి కడగాలి. జుట్టు లాగేయాలి. సీసాలు కడిగే పొడుగు బ్రష్షుతో గొట్టం లోపలి గోడలు గీకాలి. పాచి ఊడిపోతే గుడ్లూ పురుగులూ దాంతోపాటే పోతాయి. అప్పటికే రెక్కలొచ్చినవి చచ్చేదాకా రెండు మూడు వారాలు అప్పుడప్పుడూ ఇదే పని చేయాలి. చుట్టాలొస్తేనే వాడే బాత్రూంలో వారానికో చెంబు నీళ్లు పోయాలి, లేకపోతే ట్రాప్ ఎండిపోయి కింది గొట్టంలోని ఈగలకు దారి దొరుకుతుంది. ఇంత చేసినా వస్తున్నాయంటే టైళ్ల కింద ఎక్కడో గొట్టం పగిలి ఉండొచ్చు, మేస్త్రీని పిలవాలి.

ఈ పద్ధతిని మా అపార్ట్‌మెంట్ మీటింగులో వివరించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చర్చ తర్వాత ఫ్లాట్లన్నిటికీ కొత్త స్టీలు జాలీలు కొనాలని తీర్మానించారు. నాలుగు మూలలా స్క్రూలుండే రకమట. ఒక్కసారి బిగించాక ఇక ఎవరూ ఎత్తలేరని సెక్రటరీ గారు హామీ ఇచ్చారు.