గడప దాటిన కాళ్ళు, కోట ఎక్కని మోకాళ్ళు

మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అని సామెత. ఈ వేసవిలో మా ఇంట్లో అది తలకిందులైంది. కాళ్ళు గడపతో పాటు అరేబియా సముద్రాన్ని కూడా దాటేశాయి. మాటలే ఏ కోట దగ్గరా తెగక గుమ్మంలో నిలబడిపోయాయి.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫోనులో అన్నాడు: "నాన్నా, మూడు వారాలు ఉంటారు కదా. ఏ కోటలు చూస్తారో ముందే చెప్పండి, టిక్కెట్లు తీసుకోవాలి." వాడు అడిగింది రెండు మూడు పేర్లు. అవి చెప్పడానికి మాకు రెండు నెలలు పట్టింది. వీసా కోసం ఒక్కొక్కరికి 30,000 యూరోల వైద్య బీమా చేయించడం, బ్యాంకు కాగితాలు కూడగట్టడం, వేలిముద్రలు ఇచ్చి రావడం, అన్నీ అంతకన్నా ముందే అయిపోయాయి.

ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. కోటను ఎంచుకోవడం పెళ్ళి సంబంధం చూడటం లాంటిది. ముందు ఫొటో వస్తుంది. ఫొటోలో అందరూ అందంగానే ఉంటారు. వంశం ఎలాంటిది, ఆస్తి ఎంత, అప్పులు ఎంత, ఇంట్లో ఎవరికైనా మతి చలించిందా అన్నవి తరవాత చాటుగా విచారించుకోవాలి. అన్నిటికీ మించి, సంబంధం విషయంలో లాగే ఇక్కడ కూడా తీర్పు చెప్పేది మనం కాదు, నలుగురు. ఒక కోట గొప్పతనాన్ని దాని ఎత్తుతోనో వయసుతోనో కొలవడం అమాయకత్వం. దాన్ని చూడకుండా తిరిగి వచ్చినవాడికి ఎంత అవమానం జరుగుతుందో, అదీ కొలత.

అందుకని కోటల జాబితా కన్నా ముందు అడిగేవాళ్ళ జాబితా రాశాను. ఎదురింటి విశ్రాంత ఇంజనీరు గారు. ఉదయపు నడకలో కలిసే అయిదుగురు. చివరగా మా బావమరిది. ఆయన యూరప్ మొత్తాన్ని ఎనిమిది రోజుల్లో చూసి వచ్చిన మనిషి. "బావగారూ, ఆ తెల్లకోట చూడకపోతే జర్మనీ వెళ్ళినట్టే కాదు" అన్నాడు. కోట పేరు ఆయనకు గుర్తు లేదు. బస్సు ఆగిన చోట పెరుగన్నం పెట్టారని మాత్రం స్పష్టంగా గుర్తుంది.

ఆ తెల్లకోట పేరు నోయ్‌ష్వాన్‌స్టైన్. పలకడానికి నోరు తిరగడం లేదని మా ఆవిడ బాధపడింది గానీ, కట్టించిన రాజు కూడా ఆ పేరు ఎన్నడూ పలికి ఎరగడు. ఆయన పోయాక పెట్టిన పేరు అది.

ఫొటోలో ఈ సంబంధం పన్నెండో శతాబ్దం నాటిదిలా కనిపిస్తుంది. విచారిస్తే 1869లో శంకుస్థాపన అని తేలింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి పదిహేడేళ్ళు. అంటే మనం ఎనిమిది వేల రూపాయల బూట్లు కొనుక్కుని, కొండెక్కి, 'ఎంత ప్రాచీనం' అని నోరు తెరిచి చూసేది కాటన్ దొర ఆనకట్టకు తమ్ముడి వరసైన కట్టడాన్ని. లోపల గదులకు వేడిగాలి గొట్టాలు, కుళాయి నీళ్ళు, నౌకర్లను పిలవడానికి విద్యుత్తు గంటలు ఉన్నాయి. శత్రువు కోసం చేసిన ఏర్పాటు ఒక్కటీ లేదు. శత్రువు నిజంగా వచ్చి ఉంటే గంట నొక్కి కాఫీ తెప్పించేవారు. నమూనా బొమ్మలు గీసింది కూడా నాటకాలకు రంగస్థల దృశ్యాలు చిత్రించే క్రిస్టియన్ యాంక్. మన సురభి వాళ్ళ తెర మీది అంతఃపురాన్ని చూసి ముచ్చటపడి ఎవరో రాయీ సున్నంతో కట్టించుకున్నట్టు.

ఆ ఎవరో బవేరియా రాజు రెండో లుడ్విగ్. ఇక అప్పుల విచారణ. 1886 నాటికి కోటీ నలభై లక్షల మార్కులు. లెక్కలు చూసిన మంత్రులకు చెమటలు పట్టి, నలుగురు వైద్యుల చేత రాజుకు మతి చలించిందని కాగితం రాయించారు. వారిలో ఒక్కరూ ఆ పని కోసం రాజును ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించలేదు. ఆయన్ను కోట నుంచి తీసుకుపోయిన మర్నాడే, జూన్ 13న, ఆయనా ఆ వైద్యుల్లో పెద్దాయనా స్టార్న్‌బర్గ్ సరస్సులో శవాలై తేలారు. ఎలా జరిగిందన్నది మాత్రం నేటికీ తేలలేదు.

పరాయివాడి నీడ కూడా పడకూడదని ఆయన కట్టుకున్న కోటను ఆగస్టు 1న టిక్కెట్టు పెట్టి జనానికి తెరిచారు. ఏడు వారాలు! మన వైపు సంవత్సరీకాలు పూర్తయ్యే దాకా పోయినవారి గది అద్దెకు ఇవ్వడానికైనా సందేహిస్తాం. కోటలో రాజు గడిపింది మొత్తం 172 రోజులు. సింహాసన మందిరం సిద్ధమైంది గానీ అందులోకి సింహాసనం రానే లేదు. రాజుల సొమ్ము రాళ్ళ పాలు అంటారు. ఆ రాళ్ళు ఇప్పుడు ఏటా పది లక్షల మందికి పైగా జనం దగ్గర వసూలు చేస్తున్నాయి. అప్పు చేసి కట్టినవాడు పిచ్చివాడు, దానికి టిక్కెట్టు పెట్టినవారు పాలనాదక్షులు అన్నది రాజనీతిశాస్త్రంలో నాకు కొత్త పాఠం. హైదరాబాదులో వికారుల్ ఉమ్రా కూడా ఫలక్‌నుమా కట్టి అప్పుల్లో కూరుకుపోయాడు. ఆయన అదృష్టం, అక్కడ ఎవరూ వైద్యుణ్ణి పిలవలేదు. నిజాం వచ్చి ఇంటినే తీసుకున్నాడు.

ఇన్ని లోపాలున్నా ఈ సంబంధాన్ని కాదనడానికి లేదు, ఎందుకంటే ఫొటో అంత బాగుంటుంది. అమెరికాలో డిస్నీ వారు 1955లో తమ వినోద ఉద్యానంలో పెట్టుకున్న కోటకు ఇదే ప్రేరణ. 2025లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. అయితే ఒక చిక్కు. లోపల ఫొటోలు తీయనివ్వరు. లోపల ఉన్నంతసేపూ కోట కనిపించదు కూడా. అది కనిపించాలంటే వెనక లోయ మీద ఉన్న మరియా వంతెన ఎక్కాలి. కోటను చూడాలంటే కోటలో ఉండకూడదన్న మాట. ఇంత తాత్త్వికమైన కట్టడం మన ఉపనిషత్తుల దేశంలో లేకపోవడం విచారకరం.

హైడల్‌బర్గ్ సంగతి వేరు. ఇది నిఖార్సైన పాత కోట. 1689లో, మళ్ళీ 1693లో ఫ్రెంచి సేనలు పాడు చేశాయి. ఏదో మరమ్మతు చేసుకుంటూ ఉంటే 1764లో పిడుగు పడింది. ఆ తరవాత ఊళ్ళోవాళ్ళు దాని రాళ్ళు మోసుకుపోయి ఇళ్ళు కట్టుకున్నారు. ఈ చివరి ముక్క చదివాక నాకు జర్మన్ల మీద ఉన్న బెరుకు కొంత తగ్గింది. మా నడక బృందంలోని ఒకాయన పూర్వీకుల ఇంటి పునాదిలో కొండవీటి రాళ్ళున్నాయని ఆయనే గర్వంగా చెబుతుంటాడు. కాకపోతే ఈ సంబంధానికి తాగుడు అలవాటు ఉంది. నేలమాళిగలో 1751లో చేయించిన ద్రాక్షసారా పీపా ఒకటుంది. పట్టేది రెండు లక్షల లీటర్లకు పైనే. దాని నెత్తిన నాట్యం చేయడానికి వేదిక కూడా వేశారు. ప్రజలు పన్నుగా ఇచ్చే సారాను అందులో పోసేవారట. సందేహిస్తూనే మా ఆవిడకు చెప్పాను. "ప్రభుత్వం తాగుడు మీద బతకడం అక్కడా ఉందన్న మాట" అని ఒకే వాక్యంతో ఆ కోటను కొట్టివేసింది.

స్విట్జర్లాండ్‌లో, జెనీవా సరస్సు ఒడ్డున షీయోఁ అనే కోట ఉంది. దాని నేలమాళిగలో బోనివార్ అనే ఆయన్ను పదహారో శతాబ్దంలో గొలుసులతో కట్టి ఉంచారు. 1816లో ఇంగ్లీషు కవి బైరన్ ఆ చోటు చూసి కదిలిపోయి కవిత రాశాడు. అక్కడి స్తంభం మీద బైరన్ అని పేరు చెక్కి ఉంటుంది. ఆ చెక్కింది కవేనని చెప్పి, దాన్ని భద్రంగా కాపాడుకుంటున్నారు. గోల్కొండ గోడల మీద మేకుతోనో తాళంచెవితోనో పేరు చెక్కి, పక్కన హృదయాకారం గీసి, బాణం కూడా గుచ్చి వచ్చిన మన యువకులను నేను చాలాసార్లు తిట్టాను. ఇప్పుడు వారికి క్షమాపణలు చెబుతున్నాను. వారు చేసిన తప్పు ఒక్కటే, చెక్కి ఊరుకున్నారు, కవిత్వం రాయలేదు. నిజానికి కొందరు అదీ రాశారు. చదివాను. ఆ క్షమాపణను పాక్షికంగా వెనక్కు తీసుకుంటున్నాను.

రుమేనియాలోని బ్రాన్ కోట గురించి కోడలు చెప్పింది. డ్రాక్యులా కోటగా దానికి పేరు. ఆ కథ రాసిన బ్రామ్ స్టోకర్ రుమేనియాలో కాలు పెట్టలేదు. కథకు పేరిచ్చిన వ్లాద్ ప్రభువుకు ఆ కోటతో చెప్పుకోదగిన సంబంధమే లేదు. అయినా వ్యాపారం ఆగలేదు. వరుడు రక్తం తాగుతాడన్న పుకారు వల్ల కట్నం పెరిగిన సంబంధం బహుశా ప్రపంచంలో ఇదొక్కటే. ఇక లండన్ టవర్‌కు వీసా వేరు. మన పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరును చూడటానికి ఇంకో దరఖాస్తు పెట్టుకుని, రుసుము కట్టి, కదిలే పట్టా మీద నిలబడితే అదే మనల్ని దాని ముందు నుంచి జరిపి అవతల దింపుతుంది. తిరుమలలో 'జరగండి, జరగండి' అనడానికి మనుషులుంటారు. అక్కడ యంత్రం పెట్టారు. ఈ రెండు కోటలనూ వాయిదా వేశాం.

అసలు చర్చ జరగవలసింది మోకాళ్ళ గురించి. ఏ చరిత్రకారుడూ తన పుస్తకంలో మోకాళ్ళకు ఒక అధ్యాయం కేటాయించలేదు. కోట అనేది మనిషి పైకి రాకుండా ఉండటానికి కట్టినది. శత్రువును ఆయాసపెట్టి చంపడం దాని ధర్మం. ఏడు వందల ఏళ్ళ తరవాత అరవై నాలుగేళ్ళ విజయవాడ మనిషి మీద కూడా అది తన ధర్మం తాను నెరవేరుస్తుంది. శత్రువుకైనా పైన దోచుకోవడానికి ఏదో ఉంటుందన్న ఆశ ఉండేది. మనకు అంగట్లో అయస్కాంతపు బొమ్మలు తప్ప ఏమీ ఉండవు, అవీ డబ్బిచ్చి కొనుక్కోవాలి.

ఇలా మేము చర్చిస్తూ ఉండగా తెల్లకోటకు మాకు కుదిరిన తేదీల్లో టిక్కెట్లు అయిపోయాయి. మా అబ్బాయి ఆ మాట చెప్పినప్పుడు వాడి గొంతులో కోపం లేదు, ఒక విధమైన వైరాగ్యం ఉంది. అప్పుడే మా ఆవిడ, రెండు నెలలుగా ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉన్న కోట ఏదైనా ఉందా?"

ఉంది. ఎల్‌ట్స్. మోజెల్ నదికి దగ్గరలో, అడవి మధ్య, ఒక చిన్న గుట్ట మీద ఉంటుంది. ముప్ఫై మూడు తరాలకు పైగా ఒకే వంశం చేతిలో ఉంది. 1268లో, అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజుల్లో, ముగ్గురు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. కోటను మాత్రం ముక్కలు చేసుకోలేదు. మధ్యలో ఉమ్మడి వాకిలి, చుట్టూ ఎవరి వాటా ఇల్లు వారిది, అచ్చంగా మండువా లోగిలి. ఎవరి ఇల్లు వారు పైపైకి పెంచుకుంటూ పోవడంతో ఎనిమిది అంతస్తుల దాకా లేచింది. కోట లోపల తన్నుకోకూడదని ఒప్పందం రాసుకున్నారు. అది రాసుకోవలసి వచ్చిందంటే అంతకు ముందు ఏమి జరిగి ఉంటుందో ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. పదిహేనో శతాబ్దం నాటికే ఇరవై దాకా మరుగుదొడ్లున్నాయని చదివి మా ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. ఇన్ని వందల ఏళ్ళు వాళ్ళు ఎలా కలిసి ఉన్నారో అప్పుడు అర్థమైందట.

కోటంతటికీ నీళ్ళిచ్చే నుయ్యి కెంపెనిష్ శాఖ వాటాలో పడింది. 1815 నాటికి మిగిలిన రెండు వాటాలూ ఆ శాఖకే చేరాయి. "చూశారా, నుయ్యి ఎవరి వాటాలో పడితే చివరికి ఇల్లు వాళ్ళదే. మా నాన్నగారికి ఆ రోజే చెప్పాను" అంది మా ఆవిడ. ఈ సూత్రాన్ని జర్మన్ చరిత్రకారులు ఇంతవరకు గమనించినట్టు లేదు.

ఎల్‌ట్స్ వెళ్ళాం. కారు నిలిపే చోటు నుంచి కిందికి చిన్న బస్సు ఉంది, మోకాళ్ళు బతికాయి. ఉమ్మడి వాకిట్లో కూర్చుని మా అబ్బాయి తెచ్చిన పులిహోర తినాలా వద్దా అని ఆలోచిస్తుంటే పక్కన ఒక జర్మన్ పెద్దాయన పలకరించాడు. మా అబ్బాయి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేశాడు. ఏ దేశం, ఏ ఊరు అని అయ్యాక, మీ ఊరి దగ్గర కోటలున్నాయా అని అడిగాడు.

ఉందన్నాను. కొండపల్లి. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించింది. రెడ్లు, గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు అందరూ దాని కోసం కొట్టుకున్నారు. మా ఇంటి నుంచి ఇరవై కిలోమీటర్లు. విజయవాడలో ఉంటున్నది నలభై ఏళ్ళుగా.

ఆయన ముఖం వెలిగిపోయింది. లోపల ఎలా ఉంటుంది, పైనుంచి ఏమి కనిపిస్తుంది అని ఆత్రంగా అడిగాడు. మా అబ్బాయి ఆ ప్రశ్నను తెలుగులోకి తెచ్చి, జవాబు కోసం నా వైపు చూశాడు. మా ఆవిడ కూడా చూసింది.

బొమ్మలు చాలా బాగుంటాయని చెప్పమన్నాను.