నీడలను కోసేస్తున్నారు

1944లో బిల్లీ వైల్డర్ తీసిన నలుపు తెలుపుల నేరచిత్రం ‘డబుల్ ఇండెమ్నిటీ’ని నిన్న రాత్రి ఒక ఛానల్‌లో చూద్దామని కూర్చుంటే, ఆనాటి ఇరుకు ఫ్రేమును వెడల్పాటి టీవీ నిండా పరచడం కోసం పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మను కోసేశారు. అది చాలదన్నట్టు వెలుతురు పెంచి, కిటికీ పలకల నీడలను ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ జైలు ఊచల్లా పరిచిన ఆ నలుపును బూడిదరంగు చేశారు. సినిమా పొడుగునా, బీమా కంపెనీలో క్లెయిముల నిజానిజాలు తేల్చే కీస్ చుట్టకు అగ్గిపుల్ల గీసి అందించేది అదే కంపెనీ ఏజెంటు నెఫ్. హత్యను పసిగట్టినా హంతకుడు తన స్నేహితుడైన నెఫేనని గ్రహించలేకపోయిన ఆ కీసే చివర్లో, గుమ్మం దగ్గర కుప్పకూలిన నెఫ్ సిగరెట్టు అంటిస్తాడు. గుండె బరువెక్కాల్సిన ఆ చోట నాకు కనిపించినవి నుదుళ్లు తెగిన రెండు ముఖాలు. తెరకు రెండు పక్కలా కాస్త నల్లని ఖాళీ వదిలితే ఎవరికి ఏం నష్టం?