తప్పచ్చుల ఖజానా

బ్రిటిష్ నాణేలు సేకరించేవారిని పనీపాటా లేనివారిగా లెక్కగట్టడం అన్యాయం. ఆ దేశం తన చరిత్రలో దేనికి ఎంత విలువ కడుతుందో తెలుసుకోవాలంటే పార్లమెంటు ప్రసంగాలు చదవనక్కరలేదు, ఈ సేకర్తల ధరల పట్టిక చూస్తే చాలు. ఆ పట్టికను భక్తిశ్రద్ధలతో పఠించిన మీదట బోధపడినదేమంటే, అక్కడ ఘనకార్యం చవక, పొరపాటు ప్రియం.

చర్చిల్ మహాశయుడినే తీసుకుందాం. 1965లో ఆయన మరణానంతరం ఆయన బొమ్మతో క్రౌన్ అనే ఐదు షిల్లింగుల నాణెం వేశారు. రాజవంశానికి చెందని మనిషికి అది అరుదైన గౌరవం. అయితే రాయల్ మింట్ అనే ఆ దేశపు టంకశాల పారవశ్యంలో కోటీ తొంభై లక్షలకు పైగా ముద్రించడంతో, హిట్లర్‌ను ఎదిరించిన మహానుభావుడు నేడు ఒక కప్పు కాఫీ ఖరీదుకు కూడా తూగడం లేదు. ఎనిమిదో ఎడ్వర్డ్ సంగతి వేరు. ఆయన ఏడాదైనా నిండకుండానే, 1936 డిసెంబరులో, సింహాసనం వదిలి వెళ్ళిపోయాడు. ఆయన నాణేలు నమూనాల దశలోనే ఆగిపోయాయి, కనుక ఆయన బొమ్మ ఉన్న బంగారు సావరిన్ ఒకటి 2020లో పది లక్షల పౌండ్లు పలికింది. రెండో చార్లెస్ కాలం నుంచి ఒక రాజు ఎడమకు చూస్తే తరువాతి రాజు కుడికి చూడాలన్నది టంకశాల ఆచారం. తండ్రి ఎడమకే చూసినా, పాపిడి కనబడే పక్కే తనకు అందమని ఎడ్వర్డ్ కూడా ఎడమకే తిరిగి కూర్చున్నాడు. తరువాత వచ్చిన తమ్ముణ్ణి, అన్నగారు బుద్ధిగా కుడికే చూసినట్లు భావించి, ఎడమకు తిప్పారు. జరగనిదాన్ని జరిగినట్లుగా నమోదు చేయడంలో ఇంతటి నిష్ఠ మరే ప్రభుత్వ శాఖలోనూ కనబడదు.

1933లో పెన్నీలు అవసరానికి మించి ఉన్నాయని కొత్తవి వేయలేదు. భవనాల శంకుస్థాపనలకు మాత్రం ఆ ఏటి నాణెం కావాలి కాబట్టి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని వేశారు. వాటిలో ఒకదాన్ని లీడ్స్ నగరంలోని చర్చి పునాదిరాయి కింద నుంచి 1970లో దొంగలు తవ్వుకుపోయారు. పునాదులు తవ్వేంత చరిత్రాసక్తి ఆ కాలపు దొంగలకు ఉండేది.

ఇక 2008 నాటి ఇరవై పెన్స్ నాణెం ఈ శాస్త్రంలో పరాకాష్ఠ. అప్పటిదాకా బొరుసు వైపు ఉన్న సంవత్సరాన్ని బొమ్మ వైపుకు మార్చారు. ఆ క్రమంలో పాత బొమ్మకు కొత్త బొరుసు జతకావడంతో రెండు వైపులా సంవత్సరం లేని నాణేలు జనంలోకి వెళ్ళాయి. ఏ ఏటివో చెప్పని ఆ నాణేలకు ముఖవిలువకు ఎన్నో రెట్ల ధర పలికింది. 1696లో అదే టంకశాలలో ఉద్యోగంలో చేరిన న్యూటన్ దొంగనాణేల వాళ్ళను వెంటాడి ఉరికంబం ఎక్కించాడు. సొంత సిబ్బంది చేసే తప్పులకు ఇంత గిరాకీ ఉంటుందని ఆ మేధావికి తట్టలేదు.

మన దేశానికీ ఈ వైభవంలో వాటా ఉంది. ఐదో జార్జి 1911 రూపాయి మీద ఆయన అంగీపై చెక్కిన ఏనుగు జనం కళ్ళకు పందిలా కనబడింది. గగ్గోలు పుట్టి, నాణేలను వెనక్కు తీసుకుని చాలావరకు కరిగించారు. మిగిలినవాటికి నేటికీ మర్యాద తగ్గలేదు.

ఈ నేపథ్యంలో రాయల్ మింట్ చేసిన ఒక్క అపచారాన్ని ఖండించక తప్పదు. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగే శుభముహూర్తంగా 2019 అక్టోబరు 31వ తేదీ వేసి యాభై పెన్స్ నాణేలు దాదాపు పది లక్షలు ముద్రించింది. ముహూర్తం తప్పింది. అంతటి అమూల్యమైన తప్పు చేతిలో ఉండగా, దాన్ని కరిగించి, 2020 జనవరి 31 తేదీతో సరైన నాణేలు విడుదల చేసింది. వాటి మీది నినాదంలోనూ ఒక కామా లోపించిందని ఒక ప్రసిద్ధ రచయిత అలిగాడు కానీ, అది అందరి నాణేల్లోనూ లోపించడం వల్ల సేకర్తలకు ఒరిగిందేమీ లేదు. ఇకపై కొలిమికి పంపే ముందు ప్రతి తప్పచ్చు నుంచి అరడజను నాణేలైనా ఎవరి జేబులోకో జారిపోయేలా టంకశాల నిబంధనలను సవరించాలని, ఆ పనికి ఒక బాధ్యతాయుతమైన అధికారిని నియమించాలని సవినయంగా కోరుతున్నాను.