అల్లుడింటి నీళ్ళు

మా మామగారు పెళ్ళిచూపులనాడు కూడా నన్ను అంత పరీక్షగా చూడలేదు. గ్లాసుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, కాస్త తిప్పి, మళ్ళీ ఎత్తి చూసి, "అల్లుడుగారూ, మంచినీళ్ళలో సున్నం ఉందండి" అన్నారు.

ఉంది. కాదనడానికి లేదు. గ్లాసు అడుగున తెల్లటి పొట్టు, చెదిరిన ముగ్గులాగా, తేలుతూ మునుగుతూ ఉంది. ప్రయాణం చేసి వచ్చారు, నీరు మారితే గొంతు పడుతుందని మా ఆవిడ శ్రద్ధగా కాచి చల్లార్చిన నీళ్ళవి. కాచకుండా ఇచ్చుంటే ఆ సున్నం నీళ్ళలో కరిగే ఉండేది, కంటికి కనపడేది కాదు. వేడి తగిలేసరికి విడిపోయి కిందికి దిగింది. మర్యాద ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

"ఫర్వాలేదండీ, మేం ఆరేళ్ళుగా ఇవే తాగుతున్నాం" అన్నాను.

ఆయన నన్ను నెత్తి నుంచి కాళ్ళదాకా చూశారు. బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మంచం మీద మనిషిని చూసే చూపు అది.

ఆయన్ని అనడానికీ లేదు. పుట్టింది మొదలు రాజమండ్రిలో గోదారి నీళ్ళు తాగిన మనిషి. ఏ ఊరు వెళ్ళినా వెంట ఐదు లీటర్ల స్టీలు క్యాను, దాన్నిండా ఇంటి నీళ్ళు. మిగతా ఊళ్ళలో దొరికేవి ఆయన దృష్టిలో నీళ్ళు కావు, ఉత్త ద్రవపదార్థాలు.

మా నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మా ఇల్లు హైదరాబాదు శివారు నిజాంపేటలో. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చింది వచ్చినట్టు కింద సంపులో పడుతుంది. అది చాలనప్పుడు, అంటే మార్చి నుంచి వాన పడేదాకా, వాచ్‌మన్ అదే సంపులోకి బోరు వదులుతాడు. ఆ తరవాత ట్యాంకుకి ఎక్కే నీళ్ళలో ఏ చుక్క నల్లాదో, ఏ చుక్క బోరుదో బ్రహ్మకి కూడా తెలీదు. బోరు నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఊరుతూ, దారిలో దొరికిన కాల్షియం, మెగ్నీషియం అంతా మూటగట్టుకుని వస్తాయి. పుస్తకాల్లో వీటిని కఠిన జలం అంటారు. మా ఇంట్లో ఇంకా కఠినమైన మాటలే అంటారు.

ఎందుకనరు? మా షవరుకి కొన్నప్పుడు ఎన్ని కన్నాలుండేవో గాని ఇప్పుడు పనిచేసేవి పదకొండు. పదకొండూ పదకొండు వైపులకి కొడతాయి. మనిషి తప్ప గదంతా తడుస్తుంది. గీజరు బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు కాయిల్ బయటికి లాగి, "సార్, ఇది గీకితే ఒక గదికి వెల్ల వేసుకోవచ్చు" అన్నాడు. ఇక సబ్బు రుద్దితే, నురుగు రావాల్సిన చోట పెరుగు వస్తుంది.

మర్నాడు అత్తగారు వంటింట్లోకి దిగారు. కందిపప్పుకి ఆవిడ లెక్క మూడు విజిళ్ళు. మూడయ్యాక మూత తీస్తే పప్పు, అన్నదమ్ములు ఆస్తులు పంచుకున్నట్టు, దేనికది విడివిడిగా కూర్చుని ఉంది. ఇంకో మూడు. ఏడో విజిలుకి పక్క ఫ్లాటావిడ వచ్చి "ఏదైనా ఫంక్షనా అండీ?" అని అడిగింది.

మా అమ్మాయి ఇంటరు ఎంపీసీ. "అమ్మమ్మా, పప్పులో పెక్టిన్ అని ఒకటుంటుంది. నీళ్ళలో ఉన్న కాల్షియం దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. అందుకే మెత్తబడదు" అంది.

"ఎవరు ఎవర్ని పట్టుకున్నా విడిపించవే తల్లీ, మీ తాతయ్య షుగరు మాత్ర వేసుకుని కూర్చున్నారు" అన్నారావిడ.

చిటికెడు తినేసోడా వేస్తే విడిపోయారు.

మామగారు మాత్రం ఆ భోజనం దగ్గరే ఒక నిర్ణయానికి వచ్చేశారు. పప్పునే ఉడకనివ్వని నీళ్ళు కిడ్నీల్ని ఊరుకుంటాయా? "నాకు డెబ్బై రెండండి. ఈ వయసులో రాళ్ళు మోయలేను" అని, క్యానుని మంచం పక్కన పెట్టుకుని, రోజుకి మూడు గ్లాసుల చొప్పున రేషను మొదలెట్టారు. ఏప్రిల్ నెల. నాలుగో రోజుకి లేచి నిలబడబోతే కళ్ళు తిరిగాయి. వీధి చివర డాక్టరుగారు నాలుక చూసి, "నీళ్ళు తాగడం లేదా?" అని అడిగారు. రాళ్ళ భయమని చెబితే ఆయన నవ్వారు. "రాళ్ళంటూ వస్తే నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకే ఎక్కువ వస్తాయండి. సున్నం నీళ్ళయినా ఫర్వాలేదు, శుభ్రంగా ఉంటే చాలు, బాగా తాగండి."

మామగారు ఇందులో "శుభ్రంగా" అన్న ముక్క ఒక్కటే విన్నారు. సాయంత్రానికి మా డైనింగు టేబుల్ దగ్గర మెడలో టైతో, చేతిలో పెట్టెతో ఒక కుర్రాడు ప్రత్యక్షమయ్యాడు. వాటర్ ప్యూరిఫయర్లు అమ్ముతాడట.

ఆ కుర్రాడు మాటల మనిషి కాదు, చేతల మనిషి. రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో వాళ్ళ ఆర్వో మిషను నీళ్ళు. నాలుగు కడ్డీలున్న ఒక పరికరాన్ని వాటిలో ముంచి ప్లగ్గు పెట్టాడు. ఒక్క నిమిషం. మా గ్లాసు పసుపుపచ్చగా అయింది. తరవాత టీ రంగు. తరవాత చెరువులో బర్రెలు దిగిన రంగు. పైన నల్లపచ్చటి తెట్టు కూడా కట్టింది. వాళ్ళ గ్లాసు మాత్రం అప్పుడే తలంటుకుని వచ్చినట్టు తళతళలాడుతోంది.

"మీరు రోజూ తాగుతున్నది ఇదే సార్" అన్నాడు, మెల్లిగా.

అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడ "ఆరేళ్ళు" అని మాత్రం అంది. నేను అడ్వాన్సు రెండు వేలు తీశాను. అప్పుడా కుర్రాడు నా చెవిలో ఇంకో మాట వేశాడు. మా అపార్ట్‌మెంట్లో పది ఫ్లాట్లు మిషను తీసుకుంటే నాది ఉచితం. ఆదివారం సెల్లార్లో అసోసియేషన్ మీటింగు ఉంది, వచ్చెయ్యమన్నాను. ఇరుగుపొరుగు ఆరోగ్యం గురించి నాకు అంత తపన ఉందని ఆ రోజే తెలిసింది.

అడ్వాన్సు ఇచ్చినందుకు టీడీఎస్ మీటరని, పెన్నంత ఉన్నది, ఒకటి చేతిలో పెట్టి వెళ్ళాడు. దాంతో నేను పూర్తిగా చెడిపోయాను. కుళాయి నీళ్ళు 910 చూపించింది. దుకాణం క్యాను నీళ్ళు 40. మామగారి గోదారి నీళ్ళు 170, అది చూసి ఆయన మీసం సవరించుకున్నారు. కొబ్బరినీళ్ళలో పెడితే వేలల్లోకి పోయింది. అత్తగారి చారులో పెడితే అంకెలు చాలక గీతలు గీసింది. ఆ లెక్కన ఆ చారు తాగి ఈ ఇంట్లో నలుగురం బతికున్నామంటే పూర్వజన్మ సుకృతం.

"నాన్నా, నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందో చూసి, ఎన్ని లవణాలు కరిగుంటాయో సుమారుగా చెబుతుందది. ఏ లవణాలో చెప్పదు. దానికి విషమైనా పులుసైనా ఒకటే" అంది మా అమ్మాయి. చేతిలో మీటరున్నవాడికి మాటలు ఎక్కడ వినపడతాయి?

శుక్రవారం మూడో అంతస్తులో సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. తీర్థం చేతిలో పోయించుకోకుండా గిన్నె అడిగాను. నా ఉద్దేశం అర్థమయ్యేలోపు మీటరు అందులో ముంచేశాను. గదంతా నిశ్శబ్దం. పంతులుగారు ఏమాత్రం తొణక్కుండా, "ఎంత చూపిస్తోంది నాయనా?" అన్నారు. చెప్పాను. "అలాగే ఆ దక్షిణ పళ్ళెంలో కూడా ఒకసారి పెట్టి చూడు. అక్కడ మరీ తక్కువ చూపిస్తోంది."

ఆదివారం వచ్చింది. సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు, ముప్ఫై మంది. టై కుర్రాడు గ్లాసులు సర్దుతున్నాడు. మామగారు ఇస్త్రీ పంచెలో, క్యాను చేత పట్టుకుని ముందుకొచ్చారు. అందులో ఇంకా ఒక గ్లాసెడు మిగిలి ఉంది. "బాబూ, ముందు మా గోదారి నీళ్ళు పెట్టు. మంచినీళ్ళంటే ఎలా ఉంటాయో వీళ్ళనీ చూడనీ" అన్నారు.

"అవి అవసరం లేదు అంకుల్" అన్నాడు కుర్రాడు కంగారుగా. నాకు అక్కడే వెలగాలి. వెలగలేదు. "పెట్టవయ్యా, పెద్దాయన ముచ్చట" అని నేనే తోశాను.

ప్లగ్గు పెట్టాడు. గోదారి పసుపు రంగు తిరిగింది. గోధుమ రంగు తిరిగింది. చూస్తూ ఉండగానే మా కుళాయి నీళ్ళకి తోడబుట్టినదయింది.

మామగారి ముఖం కూడా అవే రంగులు వరసగా తిరిగింది. "ఏం కలిపావురా ఇందులో?"

"నేనేం కలపలేదు అంకుల్. లోపల ఉన్నదే పైకి వస్తుంది."

"గోదారి లోపల ఇదుందా?" ఆయన లేచి నిలబడ్డారు. "1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయక ముందు నుంచీ మా వంశమంతా ఇవే తాగింది. ఎవరైనా ఈ రంగులో పోయారా? చెప్పు, ఒక్కడైనా పోయాడా?"

కుర్రాడు చెప్పలేకపోయాడు. ఈలోపు మా అమ్మాయి కాగితం పొట్లం విప్పింది. చిటికెడు ఉప్పు తీసి, తళతళలాడే ఆర్వో గ్లాసులో వేసి, చెంచాతో కలిపి, కడ్డీలు మళ్ళీ ముంచింది. అర నిమిషంలో ఆ గ్లాసు మిగతావాటి ముందు తలెత్తుకోలేని రంగుకి వచ్చింది.

"నీళ్ళలో లవణాలుంటేనే కరెంటు పారుతుంది. పారితే ఆ ఇనప కడ్డీ కరిగి తుప్పవుతుంది. మీకు కనపడుతున్నది మురికి కాదు, కడ్డీ. లవణాలు తీసేసిన నీళ్ళలో కరెంటు సరిగ్గా పారదు గనక అవి అలా ఉండిపోతాయి" అంది.

"అయితే మనం తాగితే కడుపులో ఇలా అవదంటావా?" అడిగారు ప్రెసిడెంటుగారు.

"మనం ప్లగ్గు పెట్టుకుని తాగం కదా అంకుల్."

కుర్రాడు గ్లాసులు పెట్టెలో సర్దుకున్నాడు. అంతటితో పోయినా బాగుండేది. మెట్ల దగ్గర ఆగి, అందరికీ వినపడేలా, "సార్, పది ఫ్లాట్లు అవలేదు గనక మీకు రావాల్సిన ఫ్రీ మిషను క్యాన్సిల్ సార్" అని వెళ్ళిపోయాడు. ముప్ఫై మందీ నా వైపు తిరిగారు. ఆ నిమిషంలో నా టీడీఎస్ సున్నాకి పడిపోయింది.

అసోసియేషన్ తరఫున నీళ్ళు ల్యాబుకి పంపారు. ఖర్చు ఎవరు పెట్టుకున్నారో చెప్పక్కర్లేదు. కాఠిన్యం లీటరుకి 460 మిల్లీగ్రాములని వచ్చింది. మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, కాఠిన్యం 200 లోపుంటే మంచిదంటుంది, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఆరోగ్యం దృష్ట్యా కాఠిన్యానికి హద్దే పెట్టలేదు. అంటే ఇన్నాళ్ళూ మా నీళ్ళు చెడగొట్టింది గీజర్ని, షవర్ని, అత్తగారి పప్పుని, నా పరువుని.

రిపోర్టులో అసలు చూడాల్సిన వరసలు వేరే ఉన్నాయి: ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మక్రిములు. నల్గొండ జిల్లాలో తరాల తరబడి జనం నడుములు వంచింది కంటికి తేటగా కనపడిన నీళ్ళే. ఫ్లోరైడుకి రంగు లేదు, రుచి లేదు. హద్దు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంత చిన్న లెక్క నా పెన్ను మీటరుకి ఆనను కూడా ఆనదు. చిత్రమేమిటంటే, ఆ ఫ్లోరైడు తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి'వాళ్ళు కనిపెట్టిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అందులో వాడేది పటిక, సున్నం. మా రిపోర్టులో ఈ మూడు వరసలూ హద్దుల్లోనే ఉన్నాయి. ఆ కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించాను.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని రిపోర్టంతా చదివారు. "అయితే అల్లుడుగారూ, ఈ నీళ్ళలో ఎముకలకి కావాల్సిన సున్నమే ఉందన్నమాట."

"అవునండి."

"మంచిదే. మీ అసోసియేషన్‌వాళ్ళు మిమ్మల్ని ఎముకల్లో సున్నం లేకుండా కొట్టినా, ఇంటికొచ్చి రెండు గ్లాసులు తాగితే సరిపోతుంది."

మా ఆవిడ ఆయన్ని ఇంకొంచెం మెత్తబరచాలని, "నాన్నా, మా నల్లాలో వచ్చేవి కూడా గోదారి నీళ్ళే. ఎల్లంపల్లి దగ్గర తోడి గొట్టాల్లో తెస్తున్నారు" అంది.

"అదెక్కడ?"

"మీకు చాలా ఎగువన, మంచిర్యాల వైపు."

ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు. "అంటే మీరు తాగగా మిగిలింది మాకు వస్తోందా!" అన్నారు. తరవాత ఏమనుకున్నారో, వంటింట్లోకి వెళ్ళి ఫిల్టరు దగ్గర గ్లాసు పట్టి, ట్యూబ్‌లైటు వైపు ఎత్తకుండా గటగటా తాగేశారు.

వాళ్ళు రాజమండ్రి వెళ్ళి నెలయింది. నా అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. మొన్న రాత్రి ఫోను మోగింది. 

"అల్లుడుగారూ, ఆ పెన్నులాంటి మీటరు మీ దగ్గరే ఉందాండి?"

"ఉందండీ. దాన్ని నమ్మడానికి లేదని తేలింది కదా?"

"నమ్మడానికి కాదండి. మా పక్కింటాయన కొత్తగా బోరు వేయించాడు. గోదారి కంటే నా బోరే నయమని వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడు. రేపే కొరియర్లో పడెయ్యండి."